మైవాన్ గోడ దగ్గర ఆగిపోతున్న 18 వోల్టుల కార్డ్‌లెస్ డ్రిల్

కొత్తింటివాడు (ప్రశ్న):

నమస్కారం. గత కార్తీకంలో తెల్లాపూర్‌లోని ఒక అపార్ట్‌మెంటులో పదకొండవ అంతస్తున గృహప్రవేశం చేశాము. కర్టెన్ రాడ్లు, దేవుడి పలక, గోడ గడియారం, వంటింటి అరలు అంటూ ప్రతి చిన్న పనికీ మనిషిని పిలిపించవలసి రావడం, వచ్చినవారు ఒక్కో హోలుకు ఇంత అని లెక్క కట్టడం చూసి, ఆ ఖర్చేదో యంత్రం మీదే పెడదామని 18 వోల్టుల కార్డ్‌లెస్ డ్రిల్ ఒకటి కొన్నాను. పెట్టెలో 2 యాంపియర్-అవర్ బ్యాటరీలు రెండు, ఛార్జరు ఒకటి వచ్చాయి. చక్కు, అంటే బిట్టును పట్టుకునే ముందు భాగం, 13 మిల్లీమీటర్లది, మోటారు బ్రష్‌లెస్, అంటే కార్బన్ బ్రష్షులు లేనిది. ముందున్న రింగు మీద 1 నుండి 20 వరకు అంకెలు, ఆ తరువాత బిట్టు గుర్తు, సుత్తి గుర్తు ఉన్నాయి.

నా ఇబ్బందులు నాలుగు. మొదటిది, పడకగది గోడలో 6 మిల్లీమీటర్ల రంధ్రం వేయబోతే బిట్టు సుమారు ఒక సెంటీమీటరు లోపలికి వెళ్లి అక్కడే నిలిచిపోతుంది. ఇంకా గట్టిగా అదిమితే మూడు నాలుగు సెకన్లలో యంత్రం తనంతట తానే ఆగిపోయి, ముందున్న చిన్న దీపం మిణుకుమిణుకుమంటుంది. స్విచ్చు వదిలి మళ్లీ నొక్కితే ఏమీ జరగనట్టు తిరుగుతుంది. ఒకసారి మాడిన వాసన కూడా వచ్చింది. రెండవది, చెక్క పలకకు స్క్రూ బిగిస్తున్నప్పుడు లోపలినుండి టకటకమని శబ్దం వచ్చి, మోటారు తిరుగుతూ ఉన్నా చక్కు మాత్రం తిరగడం లేదు. మూడవది, రెండు బ్యాటరీలలో ఒకదానిని ఆరు నెలలుగా వాడలేదు, ఇప్పుడు ఛార్జరులో పెడితే ఎర్ర దీపం వేగంగా కొట్టుకోవడమే తప్ప ఛార్జింగ్ ఎక్కడం లేదు. నాలుగవది, బిట్టు కొన కొద్దిగా ఊగుతున్నట్టు కనిపిస్తోంది.

కొన్న దుకాణంలో అడిగితే మోటారు బలహీనపడిందనీ, దీనికన్నా పెద్దది తీసుకోవలసిందనీ చెప్పారు. యంత్రంలోనే లోపం ఉన్నదా, నా చేతిలో ఉన్నదా అన్నది తేలకుండా ఇంకొకటి కొనడానికి మనసొప్పడం లేదు. అనుభవజ్ఞులు చెప్పగలరు.

షట్టరింగ్ సైటు మనిషి:

అయ్యా, మీరు చెప్పిన ప్రాంతం, అంతస్తు చూస్తే మీ ఇల్లు అల్యూమినియం షట్టరింగ్‌తో, అంటే మన దగ్గర అందరూ మైవాన్ అని పిలిచే పద్ధతిలో కట్టినదై ఉంటుందని నా అనుమానం. ఆ పద్ధతిలో గోడకు ఇటుక ఉండదు. స్లాబు, బీము, గది గోడలు అన్నీ ఒకే పోతలో కాంక్రీటుతో నిండుతాయి, లోపల ఇనుప జాలీ కూడా ఉంటుంది. మీ అత్తవారింట్లోనో, పాత అద్దె ఇంట్లోనో ఇదే డ్రిల్ వెన్నలోకి దిగినట్టు దిగిందంటే అక్కడ ప్లాస్టరింగ్ వెనుక ఇటుక ఉన్నదని అర్థం. ఇటుక ఇంట్లో కూడా పిల్లర్ దగ్గరకు, కిటికీ పైనున్న లింటెల్ దగ్గరకు వచ్చేసరికి ఇదే కథ అవుతుంది, కర్టెన్ రాడ్లు సరిగ్గా అక్కడే బిగించవలసి రావడం మన దురదృష్టం. గోడను పిడికిలితో తట్టి చూడండి. డొల్ల శబ్దం లేకుండా రాయిని తట్టినట్టు మొద్దుగా వినిపించి, రంధ్రం నుండి ఎర్రని పొడి కాక బూడిదరంగు పొడి మాత్రమే రాలుతూ ఉంటే ఇక సందేహం అక్కరలేదు.

ఇప్పుడు సుత్తి గుర్తు సంగతి. మీ యంత్రంలో ఉన్నది రెండు పళ్ల చక్రాలు ఒకదానిమీద ఒకటి జారుతూ చేసే కంపనం మాత్రమే. దానికి నిమిషానికి ఇరవై వేలకు పైగా దెబ్బలని పెట్టె మీద రాసి ఉండవచ్చు, కాని ఒక్కో దెబ్బ వెంట్రుక వాసి కదలికే, పైగా ఆ దెబ్బకు బలం మీ భుజం నుండే రావాలి. సైటులో మేము వాడే రోటరీ హ్యామర్ అలా కాదు. అందులో పిస్టన్ గాలిని నొక్కి, ఆ గాలితో ఒక బరువైన ఇనుప ముక్కను బిట్టు వెనుక భాగం మీదకు విసురుతుంది. రెండు కిలోల తరగతి యంత్రం నిమిషానికి సుమారు నాలుగు వేల దెబ్బలే కొడుతుంది, కాని ఒక్కో దెబ్బలో రెండు మూడు జౌల్‌ల శక్తి ఉంటుంది. కాంక్రీటు పగలడానికి కావలసింది ఆ ఒక్కో దెబ్బ బరువే కాని, దెబ్బల సంఖ్య కాదు. అందువల్ల దుకాణంవారు చెప్పిన పెద్ద డ్రిల్ తెచ్చినా, అది ఇదే జాతిదైతే మీ గోడ దగ్గర కొంత ఆలస్యంగా ఆగుతుంది, అంతే తేడా.

ఇంకొక మాట కూడా చూడండి. ఒక సెంటీమీటరు దగ్గర ప్రతిసారీ ఒకే తీరుగా ఆగుతోందంటే అది రాతి కంకరో, ఇనుప కడ్డీయో అయి ఉండవచ్చు. కంకరైతే రోటరీ హ్యామర్ దానిని పగలగొట్టుకుని పోతుంది. కడ్డీ తగిలితే మాత్రం బిట్టు చివర చిన్న లోహపు మెరుపు కనిపిస్తుంది, శబ్దం సన్నబడుతుంది. అక్కడితో వదిలేసి రెండు మూడు సెంటీమీటర్లు పక్కకు జరగాలి. కార్బైడ్ మొనగల గోడ బిట్టుతో ఇనుమును కోయడం కుదరదు, పట్టుబడితే మొన ఊడిపోతుంది. బిట్టు చివర నీలంగా మారిందేమో ఇప్పుడే చూడండి. ఆ మొనను ఇత్తడి రకం అతుకుతో కలుపుతారు, మితిమీరి వేడెక్కితే ఆ అతుకు వదులవుతుంది. మీకు వచ్చిన వాసన అక్కడిదే అయినా ఆశ్చర్యపోనక్కరలేదు.

రంధ్రం వేసేముందు స్విచ్ బోర్డులకు నేరుగా పైన, కింద ఉన్న జాగాను వదిలిపెట్టండి. ఈ తరహా ఇళ్లలో కరెంటు పైపులు పోత పోసేటప్పుడే గోడలో ఇరుక్కుని ఉంటాయి, తరువాత గాడి కొట్టి మార్చడానికి వీలుండదు కనుక, ఒకసారి తీగ తెగితే బాగు చేయడం చాలా కష్టం.

చెక్కపని:

గోడ సంగతి పైవారు చెప్పారు కనుక నేను రెండవ, నాలుగవ ఇబ్బందుల గురించి మాత్రమే రాస్తాను.

టకటక శబ్దం లోపం కాదు, అది క్లచ్ తన పని తాను చేస్తున్న శబ్దం. రింగు మీద అంకె ఎంత తక్కువగా ఉంటే అంత తక్కువ బలం దగ్గర క్లచ్ జారి చక్కును వదిలేస్తుంది, స్క్రూ తల చెక్కలోకి మునిగిపోకుండా, గాడి అరిగిపోకుండా ఉండడానికే ఆ ఏర్పాటు. పార్టికల్ బోర్డులో చిన్న స్క్రూలకు 3 నుండి 6 మధ్య సరిపోతుంది, టేకులోకి రెండంగుళాల స్క్రూ దించాలంటే ముందుగా సన్నని బిట్టుతో దారి వేసి, తరువాత 14 దాటించాలి. రంధ్రాలు వేసేటప్పుడు రింగు అంకెల మీద ఉండనే కూడదు, బిట్టు గుర్తు మీదకు, గోడకైతే సుత్తి గుర్తు మీదకు రావాలి. నా దగ్గర పనికి చేరిన కుర్రవాళ్లు మొదటి వారంలో యంత్రం పాడైందని తెచ్చి ఇచ్చే సందర్భాలలో సగానికి పైగా ఈ రింగు దగ్గరే తేలిపోతాయి. మిగిలిన సగంలో ముందుకు, వెనకకు తిప్పే మీట వెనకకు ఉండిపోవడం ఒకటి. బిట్టు ఎదురు తిరుగుతూ ఉంటే చెక్క నుండి పొగ వస్తుందే కాని రంధ్రం పడదు. మీట మధ్యలో ఆగి ఉంటే స్విచ్చు అసలు నొక్కుకోదు, అది తాళం.

పైన 1, 2 అని ఉన్న గేరు మీటను కూడా చూసుకోండి. స్క్రూలకు, పెద్ద రంధ్రాలకు 1, సన్నని బిట్లకు, గోడకు 2. మోటారు తిరుగుతుండగా ఆ మీటను జరిపితే లోపలి పళ్లు ఒరుసుకుంటాయి. మీట రెంటి మధ్యలో చిక్కుకుని ఉన్నా మీరు చెప్పినట్టే మోటారు తిరిగి చక్కు ఆగిపోతుంది. రింగును బిట్టు గుర్తు మీద పెట్టిన తరువాత కూడా చక్కు జారుతూ ఉంటేనే గేర్‌బాక్సును అనుమానించండి.

ఊగడానికి మొదటి కారణం బిట్టు మూడు దవడల మధ్య నిలబడకుండా రెండు దవడల సందులో పట్టుబడడం, సన్నని బిట్ల విషయంలో ఇది తరచుగా జరుగుతుంది. తీసి మళ్లీ పెట్టి, చేత్తో మెల్లగా తిప్పుతూ బిగించండి. తరువాత ఆ బిట్టును కిటికీ అద్దం మీద దొర్లించి చూడండి, వంగి ఉంటే మధ్యలో వెలుతురు కనిపిస్తుంది. బిట్టు సరిగానే ఉండి చక్కే ఊగుతూ ఉంటే, దవడలను పూర్తిగా తెరిచి లోపలకు చూడండి, అడుగున ఒక స్క్రూ ఉంటుంది. దాని మర ఎడమవైపుది. అంటే మామూలు స్క్రూలకు భిన్నంగా, దానిని కుడివైపు తిప్పితే వదులవుతుంది, ఎడమవైపు తిప్పితే బిగుస్తుంది. ఈ సంగతి తెలియక బలమంతా పెట్టి తల విరగ్గొట్టినవారిని నేను చూశాను. వారిలో మొదటివాడిని నేనే. సుత్తి గుర్తు మీద ఎక్కువగా వాడిన యంత్రాలలో ఆ కంపనానికి ఈ స్క్రూ వదులు కావడం సహజం.

బ్యాటరీ బెంచ్:

నేను విజయవాడలో పవర్ టూల్స్ బాగు చేస్తాను. మీ మొదటి ఇబ్బందిలో యంత్రం ఆగి దీపం మిణకడం గురించి ముందుగా చెప్తాను. బిట్టు కదలనప్పుడు మోటారు మామూలుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. బ్రష్‌లెస్ యంత్రంలోని ఎలక్ట్రానిక్ బోర్డు ఆ హద్దును గమనించి సరఫరా ఆపేస్తుంది, స్విచ్చు వదిలితే మళ్లీ ఇస్తుంది. అది ఆగుతున్నందుకే మీ యంత్రం ఇంకా బతికి ఉంది. కార్బన్ బ్రష్షులున్న చౌక యంత్రాలలో ఈ కాపలా బలహీనంగా ఉంటుంది, అవి ఇదే గోడ దగ్గర వైండింగ్ మాడ్చుకుని నా బల్ల మీదకు వస్తాయి. కాని ఆగిన ప్రతిసారీ వెంటనే మళ్లీ నొక్కడం మంచిది కాదు, రెండు మూడుసార్లు ఆగితే బిట్టు తీసి, చేతికి ఎదురు గాలి తగిలేలా ఒక నిమిషం ఖాళీగా తిప్పండి.

ఇక బ్యాటరీ. మీ 18 వోల్టుల ప్యాకులో లిథియం అయాన్ సెల్సు ఐదు వరుసగా ఉంటాయి. ఒక్కో సెల్లు సగటున 3.6 వోల్టులు, నిండినప్పుడు 4.2, అంటే ప్యాకు నిండినప్పుడు 21 వోల్టులు చూపుతుంది. పెట్టె మీద 48 అనీ, 88 అనీ, 128 అనీ అంకెలు అచ్చువేసి ఆన్‌లైనులో అమ్మే ఊరూపేరూ లేని డ్రిల్లులను విప్పి చూసినా సాధారణంగా లోపల ఈ ఐదు సెల్సే ఉంటాయి. ఆ అంకెలను వోల్టులని నమ్మకండి.

మల్టీమీటరును డీసీలో 200 వోల్టుల దగ్గర పెట్టి, ప్లస్, మైనస్ పలకల మధ్య కొలవండి. మిగతా సన్నని పలకలు వేడిని కొలిచే థర్మిస్టర్‌కు, గుర్తింపుకు సంబంధించినవి, వాటి జోలికి పోవద్దు. 15 వోల్టుల పైన ఉండి కూడా ఛార్జింగ్ ఎక్కకపోతే పలకల మీద మట్టి గాని, థర్మిస్టర్ తీగ తెగడం గాని, ఛార్జరు లోపం గాని కావచ్చు. రెండవ బ్యాటరీ అదే ఛార్జరులో ఎక్కుతోందా అన్నది చూస్తే సగం తేలిపోతుంది. 12, 13 వోల్టులకన్నా తక్కువ ఉంటే ఛార్జరు కావాలనే నిరాకరిస్తోందని అర్థం.

ఒక ప్రశ్న. ఆరు నెలల కిందట ఆ బ్యాటరీని పక్కన పెట్టినప్పుడు నిండుగా పెట్టారా, ఖాళీ చేసి పెట్టారా? ఎక్కడ పెట్టారు? ఎండాకాలంలో వేడిగా ఉన్నప్పుడు కూడా ఇవే దీపాలు కొట్టుకుంటాయి, ఎందుకంటే ఈ సెల్సు సుమారు 45 డిగ్రీలు దాటాక ఛార్జింగ్ తీసుకోకూడదు. ఏ దీపం ఎలా కొట్టుకుంటే ఏమిటో కంపెనీని బట్టి మారుతుంది, ఛార్జరు వెనుక అంటించిన బొమ్మల కాగితం చూడండి.

డాలస్‌లో మకాం:

విషయానికి దగ్గరగా ఉన్న ఒక హెచ్చరిక రాస్తున్నాను, ఇది చదివి ఎవరైనా అమెరికా నుండి డ్రిల్ తెప్పించుకుందామని అనుకుంటే ఉపయోగపడుతుంది. ఇక్కడ అమ్మే డ్రిల్లుల ఛార్జర్లు చాలావరకు 120 వోల్టులకు మాత్రమే చేసినవి. ఫోను ఛార్జరులాగా 100 నుండి 240 వరకు ఏదైనా తీసుకుంటుందనుకుని మా బావమరిది కడపలో నేరుగా ప్లగ్గులో పెట్టాడు, ఒక్క చప్పుడుతో కథ ముగిసింది. అడుగున రాసి ఉన్న ఇన్‌పుట్ వోల్టేజి చదివి, అవసరమైతే అదే కంపెనీ 230 వోల్టుల ఛార్జరును ఇండియాలోనే కొనడం మేలు. వోల్టుల అంకె వేరుగా ఉన్నదని కంగారుపడకండి. డివాల్ట్ కంపెనీ అమెరికాలో 20 వోల్టుల మ్యాక్స్ అని అమ్మే బ్యాటరీనే ఐరోపాలో 18 వోల్టులని అమ్ముతుంది. నిండిన సెల్లును నాలుగు వోల్టులుగా లెక్కిస్తే 20, సగటున 3.6గా లెక్కిస్తే 18.

కొత్తింటివాడు:

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం ఉదయమంతా కూర్చుని మీరు చెప్పినవన్నీ ఒక్కొక్కటిగా చూశాను.

రింగు 9 దగ్గర ఉంది. టకటకకు కారణం అదే, 15కు తిప్పగానే స్క్రూ దిగిపోయింది. గోడ దగ్గర మాత్రం సుత్తి గుర్తు మీదే వాడాను కనుక అక్కడ తప్పు జరగలేదు. ఊగుతున్నది బిట్టే, అద్దం మీద దొర్లిస్తే స్పష్టంగా వంగి ఉంది, మొన కూడా నీలంగా మారింది. వేరే బిట్టు పెడితే చక్కు నిలకడగా తిరుగుతోంది. పడకగది గోడ పొడి బూడిదరంగులోనే ఉంది. అపార్ట్‌మెంటు నిర్వహణ కార్యాలయంలో అడిగితే బాత్రూము డక్టు పక్కనున్న ఒక్క గోడ తప్ప అంతా పోత గోడలేనని చెప్పారు.

లింగంపల్లిలో రోజు అద్దెకు ఒక రోటరీ హ్యామర్ తెచ్చాను. మా ఆవిడ ముందే పెన్సిలుతో గుర్తులు పెట్టి ఉంచడం వల్ల పదిహేడు రంధ్రాలు గంటన్నరలో అయిపోయాయి. ఒక్కో రంధ్రానికి అరనిమిషం కూడా పట్టలేదు. పాత డ్రిల్‌తో అరగంట పోరాడిన రంధ్రాన్ని మాత్రం అదీ దాటలేకపోయింది. లోపల మెరుస్తున్నది ఇనుమే. దానిని పుట్టీతో మూసి రెండు సెంటీమీటర్లు జరిపాను. ఫిషర్ ప్లగ్గులు, అంటే స్క్రూ పట్టు కోసం రంధ్రంలో దూర్చే ప్లాస్టిక్ గొట్టాలు, పెట్టిన తరువాత స్క్రూలు బిగించడానికి నా కార్డ్‌లెస్ డ్రిల్ ఎంతో సుఖంగా ఉన్నది, ఆ పనికి రోటరీ హ్యామర్ పనికిరాదు కదా.

బ్యాటరీ విషయంలో తప్పు నాదే. పూర్తిగా ఖాళీ చేసిన తరువాతనే ఛార్జి చేయాలని మా నాన్నగారు చెప్పేవారు, అందుకని చివరి వరకు తిప్పి, ఖాళీ చేసి, పడమటి బాల్కనీలోని ఇనుప బీరువాలో పెట్టాను. ఇప్పుడు 11.4 వోల్టులు చూపుతోంది. రెండవది 20.3 చూపుతోంది, ఛార్జింగ్ కూడా మామూలుగానే ఎక్కుతోంది. మొండి బ్యాటరీకి మంచి బ్యాటరీ నుండి రెండు తీగలతో కాసేపు కరెంటు అందిస్తే ఛార్జరు గుర్తిస్తుందని ఒక వీడియోలో చూపారు. అలా చేయవచ్చునా?

బ్యాటరీ బెంచ్:

చేయవద్దు. మీ నాన్నగారి మాట ఆయన కాలానికి సరైనదే. 1961లో బ్లాక్ అండ్ డెకర్ తీసుకువచ్చిన మొదటి కార్డ్‌లెస్ డ్రిల్ నుండి చాలా దశాబ్దాల పాటు ఈ యంత్రాలు నికెల్ కాడ్మియం సెల్సుతోనే నడిచాయి, వాటికి అప్పుడప్పుడు పూర్తిగా ఖాళీ చేయడం మంచిదని వాడేవారందరూ నమ్మేవారు. లిథియం అయాన్‌కు అది విషం. ఖాళీ అయిన సెల్లులో మిగిలిన కొద్దిపాటి శక్తిని కూడా లోపలి కాపలా బోర్డు నెలల తరబడి చుక్క చుక్కగా తాగుతూనే ఉంటుంది, వేడి బీరువా దానికి తోడైంది.

11.4ను ఐదుతో భాగిస్తే సగటున 2.28 వస్తుంది, కాని సెల్సన్నీ సమానంగా దిగవు. నాలుగు 2.6 దగ్గర ఉండి ఒకటి ఒక వోల్టుకు పడిపోయి ఉండవచ్చు. అంత లోతుకు పడిన సెల్లులో రాగి పొర కరిగి, తిరిగి ఛార్జి ఎక్కించినప్పుడు లోపల ముళ్లలా పేరుకుని, షార్ట్ సర్క్యూట్‌కు దారి తీస్తుంది. అది వెంటనే జరగకపోవచ్చు, వారం తరువాత మీరు నిద్రలో ఉండగా ఛార్జరు మీద జరగవచ్చు. పైగా వీడియోలో చూపినట్టు నిండిన ప్యాకును ఖాళీ ప్యాకుకు నేరుగా కలిపితే తొమ్మిది వోల్టుల తేడా మధ్య కరెంటుకు హద్దు ఉండదు, తీగ చేతిలోనే కాలుతుంది. నా బల్ల మీద ప్యాకు విప్పి, ఒక్కో సెల్లును విడిగా కొలిచి, 2 వోల్టులకన్నా కిందకు పోయినది ఒక్కటి ఉన్నా మొత్తం ఐదూ మారుస్తాను. అది కూడా నికెల్ పట్టీని స్పాట్ వెల్డింగ్ చేసే మిషను ఉన్నచోటే చేయించాలి, సెల్లు మీద నేరుగా సోల్డరింగ్ ఇనుము పెట్టేవారికి ఇవ్వవద్దు. సెల్సుకు, కూలికి అయ్యే ఖర్చు కొత్త ప్యాకు ధరలో సగం దాటితే కొత్తదే తీసుకోండి.

పాతదానిని చెత్తబుట్టలో వేయవద్దు. పలకల మీద ఇన్సులేషన్ టేపు అంటించి కంపెనీ సర్వీసు సెంటరులో ఇవ్వండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కు సేకరించే బాధ్యత తయారీదారులది.

మిగిలిన మంచి బ్యాటరీని వాడనప్పుడు సగం ఛార్జింగ్‌తో, అంటే మీటరులో 18, 19 వోల్టుల మధ్య, యంత్రం నుండి విడదీసి లోపలి గదిలో ఉంచండి. మూడు నెలలకొకసారి కొలిచి చూడండి. కరెంటు ఆపేసిన ఛార్జరులోనే వదిలేయడం కూడా వద్దు, కొన్ని రకాల ఛార్జర్లు ఆ స్థితిలో బ్యాటరీ నుండి ఎదురు లాగుతాయి.

చెక్కపని:

ఆ వంగిన బిట్టు పారేయకండి. మొన విరగ్గొట్టి నున్నగా రుద్దితే ప్లగ్గులను లోపలికి తోయడానికి బాగుంటుంది.